కన్నెమన్నులో ఒక సాయంత్రం

"నాసిరూ! ఓ నాసిరూ! ఇవాళ గొడుగా, దుప్పటా?"

గట్టు మీద నిలబడి సంపూర్ణమ్మ కేకేసింది. ఆమె వెనక తట్టలూ పారలూ పట్టుకుని కూలీలంతా నిలబడి ఉన్నారు. ఒక్కరూ గోతిలోకి దిగలేదు. నాసిర్ చెప్పందే దిగరు.

నాసిర్ అప్పటికే గోతి అడుగున ఉన్నాడు. నిన్న గీసిన గీత కింద తాపీ కొనతో చిటికెడు మట్టి గోకి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు అక్కడ అరచెయ్యి ఆనించాడు. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉన్నాడు.

"దుప్పటే పిన్నీ. పుష్యమాసంలా ఉంది. చెవులకి గుడ్డ కూడా కట్టుకోండి."

"ఓరి నాయనో! మొన్న వానకి తడిసిన చీరే ఇంకా ఆరలేదు, ఇవాళ చలా! ఆ పాతకాలపోళ్ళకి ఒక్క మంచి రోజన్నా లేదంటావా?"

"రేపు చూద్దాంలే పిన్నీ. రేపటి పొర బాగుండొచ్చు."

కూలీలు నవ్వుకుంటూ దుప్పట్లు కప్పుకుని మెట్లు దిగారు. బయటేమో మే నెల ఎండ. గన్నవరం దాటాక ఏలూరు వైపు పోయే ఆ రోడ్డు మీద తారు కరిగి లారీల చక్రాలకి అంటుకుంటోంది. గోతిలోకి దిగినవాళ్ళ నోళ్ళలోంచి మాత్రం తెల్లగా ఆవిరి వస్తోంది.

రెండు వేల మూడో సంవత్సరం అది. జాతీయ రహదారిని నాలుగు వరసల రోడ్డుగా వెడల్పు చేస్తున్నారు. రోడ్డు వచ్చే దారిలో పాటిమెరక అడ్డం వచ్చింది. పాటిమెరక అంటే ఎప్పుడో ఊరు ఉండి పోయిన చోటు. ఇళ్ళు కూలి మట్టిలో కలిసిపోతే, ఆ మట్టి మీదే ఇంకొకరు వచ్చి ఇళ్ళు కట్టుకుని, అవీ కూలిపోయి, అలా పొర మీద పొర పేరుకుని నేల ఎత్తుగా లేచింది. రోడ్డు వేసే ముందు ఆ మెరకలో ఏముందో తవ్వి చూడాలని తవ్వకాలవాళ్ళు వచ్చారు. వానలు పడేలోపు పని ముగించాలి. మట్టి తోడే పెద్ద యంత్రాలు అప్పుడే వచ్చి, పసుపు రంగు ఏనుగుల్లా వరసగా నిలబడి ఎదురుచూస్తున్నాయి.

ఒక పొరని మట్టి కప్పేసిన రోజున ఏ కాలం ఉండేదో ఆ కాలం ఆ పొరలోనే ఉండిపోయేది. పొర తెరిస్తే పైకి వచ్చేది. బావి తవ్వితే నీళ్ళు వచ్చినట్టు మెరక తవ్వితే కాలాలు వచ్చేవి. ఆ చుట్టుపక్కల వాళ్ళకి ఇది కొత్తేం కాదు. పక్క పొలం రైతు బసవపున్నయ్య గారి తండ్రి, పైరుకి బలమని, ఆ మెరక మట్టిని ఎడ్లబండ్ల మీద పొలానికి తోలించుకున్నాడు. పాటిమట్టి తోలడం ఆ వైపు రైతులందరికీ అలవాటే. అప్పటినుంచి పున్నయ్య గారి మూల మడిలో వేసవిలో కూడా తెల్లారేసరికి మంచు కురిసి ఉంటుంది. ఆ మడిలో ఆయన చేమంతులు వేసుకునేవాడు.

తవ్వి జల్లెడ పట్టిన మట్టిని ఒక పక్కన గుట్టగా పోసేవాళ్ళు. అక్కడ అన్ని పొరల మట్టీ కలిసిపోవడం వల్ల ఏ కాలమూ నిలకడగా ఉండేది కాదు. ఒక తుంపర, ఒక వడగాలి, ఒక చలి. నీడ కోసం దాని పక్కన పడుకున్న కుక్క రోజంతా లేచి, ఒళ్ళు దులుపుకుని, మళ్ళీ పడుకుంటూ ఉండేది.

నాసిర్ పని పొరలు గుర్తుపట్టడం. గోతి గోడ మీద ఒక మట్టికీ ఇంకో మట్టికీ రంగు ఎక్కడ మారిందో చూసి, తాపీ కొనతో గీత గీసి, పక్కన మేకుతో చీటీ కొట్టాలి. ఆ తర్వాత గోడనంతా కాగితం మీద బొమ్మగా వెయ్యాలి. అతని తండ్రి అబ్దుల్ రవూఫ్ విజయవాడ గవర్నర్‌పేటలో బట్టల కొట్లకీ లాడ్జీలకీ బోర్డులు రాసేవాడు. కంప్యూటర్ బోర్డులు వచ్చాక కుంచెలు మూలపడ్డాయి గానీ, చెయ్యి మాత్రం కొడుక్కి వచ్చింది. చిన్నప్పుడు నాసిర్ చేత గీతలు గీయిస్తూ రవూఫ్ అనేవాడు: "గీసిన గీత చెరిపితే బోర్డు మీద మచ్చ పడుద్ది బేటా. ముందు బాగా చూసుకో. ఉన్నచోటే గియ్యి."

నాసిర్ అలాగే గీసేవాడు, ఉన్నచోటే.

గోతికి కాస్త దూరంలో, రోడ్డు పక్కన, రేకుల కప్పుతో ఒక టీ కొట్టు. అది మెహబూబ్ బీది. ఆమె కూతురి కూతురు అర్ఫా కొట్టు నడిపేది. అర్ఫాకి అమ్మానాన్నా లేరు, నానీ అని పిలిచే ఈ అమ్మమ్మే అన్నీ. కొత్త రోడ్డు ఆ కొట్టు మీంచే పోతుంది. తవ్వకం అయిపోయి యంత్రాలు కదిలిన రోజున కొట్టు కూడా పోతుందని వాళ్ళకి తెలుసు. బందరులో ఉన్న మెహబూబ్ బీ కొడుకు అఫ్రాజ్, "వచ్చెయ్యమ్మా, ఇక్కడ సముద్రపు గాలి ఉంది. అర్ఫాకి సంబంధం కూడా చూశాను," అని కబురు మీద కబురు పంపుతున్నాడు.

మెహబూబ్ బీకి ఎండ పడదు. కిందటి వేసవిలో వడదెబ్బ తగిలి చావు తప్పించుకుంది. ఇంకోసారి తగిలితే ఈ గుండె తట్టుకోదని డాక్టరు గారు అర్ఫాతో గట్టిగానే చెప్పారు. రేకుల కింద చల్లదనం ఎక్కణ్ణించి వస్తుంది? అందుకే మధ్యాహ్నమయ్యేసరికి సంపూర్ణమ్మా ఇంకొకామే కలిసి ఆమెని నులకమంచంతో సహా ఎత్తుకొచ్చి గోతి అంచున దించేవాళ్ళు. కింద నుంచి పాత చలికాలాలు, పాత శ్రావణ మాసాలు ఆమె ముఖం మీదికి వీచేవి. ఆమె కళ్ళు మూసుకుని వాసన చూసేది.

"ఈ చలిలో గేదెపాల వాసన ఉందే," అనేది. "పక్కనే ఎవరో పిల్లకి నూనె రాసినట్టున్నారు. ఎవరో తల్లి! నీకు సలామ్ అమ్మా. నీ చలికాలం నాకు పనికొచ్చింది."

రోజూ అంతే. ఏ పొర గాలి తగిలినా, అందులో పొయ్యి పొగ వాసన పట్టుకుని, ఆ పొయ్యి ఎవరిదో వాళ్ళకి సలామ్ చెప్పందే ఊరుకునేది కాదు. "వాళ్ళు వాడుకుని మిగిల్చింది నేను తింటున్నాను. చెప్పకపోతే తప్పు," అనేది.

అర్ఫా ఫ్లాస్కు తీసుకుని గోతి దగ్గరికి వచ్చే ముందు పొరని బట్టి టీ పెట్టేది. చలి పొరకి అల్లం దంచి వేసేది. వాన పొరకి మిరియాలు. ఎండ పొర అయితే టీ మానేసి నిమ్మకాయ నీళ్ళు. పొద్దున్నే రోడ్డు అవతల నుంచి చెయ్యెత్తి అడిగేది:

"ఏం కాలమండీ?"

"చలండీ!" అని నాసిర్ అరిచి చెప్పేవాడు.

వాళ్ళిద్దరి మధ్య మాటలన్నీ కాలాల గురించే. మొదటి వాన పొర తెరిచిన రోజు ఆమె తలకి చున్నీ చుట్టుకుని, గొడుగు తన మీద కాకుండా ఫ్లాస్కు మీద పట్టుకుని, తడుస్తూ మెట్లు దిగి వచ్చింది. "నేను తడిస్తే ఆరతానండీ, టీ చల్లారితే మీరు తాగరు," అంది. ఆ రోజు నుంచి నాసిర్ మనసులో ఏ కాలం వచ్చినా ఆ వాన వెలియలేదు. చెప్పాలని రోజూ అనుకునేవాడు. చెట్టుకీ, మేకుకీ, తాపీకీ చెప్పి చూసుకునేవాడు. ఆమె ఎదురుగా వచ్చి గ్లాసు అందించగానే నోట్లోంచి వచ్చేది ఒకటే మాట:

"ఇవాళ కాస్త తేమగా ఉందండీ."

"అవునండీ," అనేది ఆమె. కాసేపు నిలబడి, గ్లాసు తీసుకుని వెళ్ళిపోయేది.

"ఏం మనిషివయ్యా!" అని సంపూర్ణమ్మ తట్ట దించి మరీ తిట్టేది. "వెయ్యేళ్ళ కిందటి మబ్బులు కూడా నీతో మాట్లాడతయ్యి. బతికున్న పిల్లతో మాట్లాడమంటే నోరు పడిపోద్ది."

"మెల్లగా పిన్నీ, వినపడుద్ది."

"వినపడాలనే!"

ఒక రోజు పొద్దున్నే గోతి అడుగున పసుపు బంకమట్టి తగిలింది. అందులో పెంకు లేదు, బొగ్గు లేదు, ఎముక ముక్క లేదు. మనిషి అడుగు పడకముందు నేల అది. కన్నెమన్ను. అది తగిలిందంటే ఇంక కింద చూడాల్సింది ఏమీ ఉండదు. తవ్వకం ముగిసినట్టే.

తవ్వకాలకి పెద్ద వెంకటకృష్ణారావు గారు టోపీ తీసి, నెత్తి తుడుచుకుని, గోతిలోకి వంగి చూశాడు. మెత్తటి మనిషి. రోడ్డువాళ్ళ ఫోను మోగితే చాలు, ఏదో తప్పు చేసినట్టు లేచి నిలబడి మాట్లాడేవాడు.

"ఏం నాసిర్? అయిపోయినట్టేగా? రేపు రోడ్డువాళ్ళకి అప్పగించేద్దామా?"

నాసిర్ గోడకి అరచెయ్యి ఆనించాడు. చలి లేదు, తడి లేదు, వెచ్చదనం లేదు. ఉత్త మట్టి. అవునండీ అనబోయాడు. అంతలో పైనుంచి గాజుల చప్పుడైంది.

"ఏం కాలమండీ?" అంది అర్ఫా.

"ఏ కాలమూ లేదండీ," అన్నాడు నాసిర్.

అర్ఫా ఫ్లాస్కు కింద పెట్టింది. "అయిపోయిందన్నమాట. రేపు మామయ్య వ్యాను తెస్తానన్నాడు. మీ పని ఉన్నన్నాళ్ళూ ఆగుదామంది నానీ. ఇంక వెళ్ళిపోతాం," అంది. గ్లాసుల్లోకి టీ పోస్తూ, ఎవరి ముఖమూ చూడకుండా, "ఇదే చివరి టీ అండీ. అల్లం ఎక్కువ వేశాను," అంది.

నాసిర్ చేతిలో తాపీ ఉంది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆ క్షణంలో ఏం ఆలోచించాడో అతనికి గుర్తు రాలేదు. గోడ వైపు తిరిగాడు. ఊపిరి బిగబట్టాడు. ఆ పసుపు మట్టి మీద, ఏమీ లేనిచోట, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక గీత గీశాడు. అంత తిన్నటి గీత జన్మలో గీయలేదు.

"ఇంకో పొర ఉంది సార్," అన్నాడు. "చాలా సన్నంగా ఉంది. రంగు కాస్త తేడా."

వెంకటకృష్ణారావు గారు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఆయనకి ఏమీ కనపడలేదు. "నాకు తెలీడంలేదు గానీ, నీ కన్ను మీద నాకు నమ్మకమయ్యా," అన్నాడు. "సరే, చీటీ కొట్టు. పార వద్దు, తాపీలతోనే తియ్యండి. మట్టి విడిగా పొయ్యండి. రోడ్డువాళ్ళకి నేనేదో చెప్పుకుంటాలే." అప్పుడే ఫోను మోగినట్టు గట్టు ఎక్కి వెళ్ళిపోయాడు.

నాసిర్ మేకు కొట్టి చీటీ తగిలించాడు. పైన అర్ఫా ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ, ఎందుకో నవ్వుకుంటోంది.

మర్నాడు పొద్దున్నే వ్యాను వచ్చింది. అఫ్రాజ్ దిగి చెమట తుడుచుకునేలోపే అర్ఫా చెప్పేసింది. "ఇంకా పని ఉందంట మామయ్యా. గోతి దగ్గర నానీకి చల్లగా ఉంటుంది. ఈ ఎండలో బందరు దాకా ఎందుకు కుదిపి తీసుకెళ్ళడం? తర్వాత వస్తాంలే." అఫ్రాజ్ గొణుక్కుంటూ టీ తాగి ఖాళీ వ్యానుతో తిరిగి వెళ్ళిపోయాడు. వ్యాను మలుపు తిరిగేదాకా నాసిర్ చూస్తూ నిలబడ్డాడు. మనసు గాలిపటంలా ఎగిరింది. ఆ సంతోషంలో అతనికి ఒక్క విషయం తోచలేదు.

మధ్యాహ్నానికి తోచింది.

రోహిణి కార్తె ఎండ గోతిలోకి నిటారుగా దిగింది. పై పొరలన్నీ తీసేశారు. వాటి చలీ వానా ఆ మట్టితో పాటే గుట్టకి పోయాయి. అడుగున ఉన్నది ఉత్త బంకమన్ను, పెనంలా కాలుతోంది. కూలీలు తాపీలతో గోకుతున్నారు. ఏమీ రావడం లేదు.

"నాసిరూ, నీ పొర నిద్రపోతోందా ఏంది?" అంది సంపూర్ణమ్మ, కొంగుతో విసురుకుంటూ. "లేపవయ్యా."

నాసిర్ తల ఎత్తకుండా గోకుతూనే ఉన్నాడు. గోతి అంచున నులకమంచం మీద మెహబూబ్ బీ ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని గాలి కోసం ఎదురుచూస్తోంది. వడగాలి తప్ప ఇంకేమీ రాలేదు. కాసేపటికి ఆమె చెయ్యి మంచం మీంచి జారి కింద వేలాడింది.

"నానీ!" అని అర్ఫా అరిచిన అరుపుకి తట్టలన్నీ కింద పడ్డాయి.

ఒళ్ళు నిప్పులా కాలుతోంది. చెమట లేదు. నీళ్ళు చల్లితే చల్లినట్టే ఆవిరైపోతున్నాయి. జీపు వేసుకుని రావు గారు విజయవాడ వెళ్ళి ఉన్నాడు. రోడ్డు మీద ఒక్క ఆటో లేదు. ఆ ఎండకి డ్రైవర్లంతా ఏ చెట్టు కిందో ఉన్నారు. బసవపున్నయ్య గారు ట్రాక్టరు తెస్తానని పొలం గట్టు మీద పంచె ఎగ్గట్టి పరుగెత్తాడు. అర్ఫా నానీ తల ఒళ్ళో పెట్టుకుని, "వ్యాను వచ్చింది. నేనే పంపేశాను. నేనే పంపేశాను," అని అదే మాట అంటోంది.

నాసిర్ చెవుల్లో ఆ మాట మేకులా దిగింది. వ్యానుని పంపింది ఆమె కాదు. అతని గీత.

మెట్లు కూడా చూసుకోకుండా గోతిలోకి దూకాడు. గీత కింద తాపీ పెట్టి గోకాడు. తాపీ వంగిపోతే గోళ్ళతో గోకాడు. 'యా అల్లా, ఇక్కడ ఏమీ లేదని నాకు తెలుసు. నీకూ తెలుసు. ఒక్క గాలి. ఒక్క చిన్న గాలి,' అని లోపల్లోపల ఏడ్చాడు. పసుపు మట్టి ముద్దలు ముద్దలుగా ఊడి ఒళ్ళో పడింది.

ముందు పచ్చిగడ్డి వాసన వచ్చింది.

తర్వాత చేతివేళ్ళ సందుల్లోంచి, ఎవరో నెమ్మదిగా ఊదినట్టు, గాలి. అది చలి కాదు, వాన కాదు. సాయంత్రం. గీత పొడుగునా మట్టిలోంచి సాయంత్రం ఊరుతూ బయటికి వచ్చింది. గోతిలో వెలుతురు మెత్తబడి బంగారు రంగు తిరిగింది. కాలుతున్న నేల పాదాల కింద చల్లారింది. పైన మిట్టమధ్యాహ్నం అలాగే ఉంది, కింద మాత్రం పొద్దు వాలింది.

"దించండి! మంచం కిందికి దించండి!" అని అరిచాడు నాసిర్.

కూలీలు మంచం నాలుగు కోళ్ళూ పట్టుకుని మెట్ల మీదుగా దించారు. ఆ గాలి ఆమె నుదుటి మీద, మెడ మీద, అరికాళ్ళ మీద తిరిగింది. అర్ఫా తడిగుడ్డ పిండి పెదాలు తడిపింది. సంపూర్ణమ్మ తనకి తెలిసిన దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచింది. పున్నయ్య గారి ట్రాక్టరు చప్పుడు వినపడేసరికి మెహబూబ్ బీ నుదుటి మీద చెమట పొడిచింది. కళ్ళు తెరిచింది.

"పొద్దుగూకిందా? మగ్రిబ్ నమాజుకి వేళయిందే. లేపరేం?"

"బయట ఇంకా మధ్యాహ్నమే బీబమ్మా," అంది సంపూర్ణమ్మ, ఏడుస్తూ నవ్వుతూ.

ముసలామె అలవాటుగా గాలి పీల్చి వాసన చూసింది. మళ్ళీ చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇందులో ఎవరి పొయ్యి వాసనా లేదే. పశువుల వాసన లేదు, పిల్లల వాసన లేదు. ఎవరూ బతకని సాయంత్రం. కొత్త బట్టలా మడత కూడా విప్పలేదు. ఇప్పుడు నేనెవరికి సలామ్ చెప్పను?"

ఆమె చూపు మట్టి కొట్టుకుపోయి, గోళ్ళు చిట్లిన నాసిర్ చేతుల మీద ఆగింది. పడుకునే, చెయ్యి నుదుటి దాకా ఎత్తింది.

"అయితే నీకే బేటా."

నాసిర్ తల దించుకున్నాడు. ఆ సలామ్ తీసుకోలేకపోయాడు.

తర్వాత రోజులన్నీ అతనికి కృతజ్ఞతలే. వెంకటకృష్ణారావు గారు భుజం మీద చెయ్యి వేసి, "కన్నెమన్ను అనుకుని నేను మూసేసి ఉండేవాణ్ణయ్యా. ఒక ప్రాణం పోయేది," అన్నాడు. పున్నయ్య గారు నూజివీడు రసాలు గంపెడు పంపాడు. సంపూర్ణమ్మ తిట్టడం మానేసింది. అదే అతనికి అన్నిటికన్నా బాధగా ఉండేది. అర్ఫా గ్లాసు అందిస్తూ ఒకరోజు, "మీ మేలు జన్మలో మరిచిపోమండీ," అంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. నాసిర్ గ్లాసు పట్టుకుని నిజం చెప్పాలని నోరు తెరిచాడు.

"ఇవాళ... చల్లగా ఉందండీ," అన్నాడు.

సంపూర్ణమ్మ పక్కనే ఉండి నెత్తి కొట్టుకుంది.

ఆ సాయంత్రం తరగలేదు. మధ్యాహ్నాలు మంచం గోతిలోనే ఉండేది. లారీ డ్రైవర్లు బళ్ళు ఆపుకుని మెట్ల మీద కాసేపు కూర్చుని, "వస్తామమ్మా" అని చెప్పి పోయేవాళ్ళు. ఆ పొర మట్టిని చీటీ ప్రకారం విడిగా పోయడం వల్ల దాని గుట్ట వేరే ఉంది. కుక్క ఇటు వచ్చేసింది. ఆ పసుపు గుట్ట మీద అది లేవకుండా నిద్రపోయేది.

అది చూసే పున్నయ్య గారికి ఆలోచన వచ్చింది.

"రావు గారూ, జల్లెడ పట్టిన మట్టి మీకు అక్కర్లేదుగా?" అని అడిగాడు.

"అక్కర్లేదండి. ఎక్కడ పోసినా ఒకటే."

"మా నాన్న పాటిమట్టి పొలానికి తోలాడు. నేను టీ కొట్టుకి తోలతాను," అన్నాడు ఆయన. కొత్త రోడ్డు అంచుకి కలిసే తన పొలంలో ఒక మూల చూపించాడు. "చేమంతుల పక్కన కొట్టు వేసుకోండమ్మా. నా మడిలో పొద్దున మంచు, మీ కొట్లో మధ్యాహ్నమే సాయంత్రం. లారీలవాళ్ళు ఇంక ఏలూరు ఏం పోతారు!"

కూలీలంతా తట్టలెత్తారు. ఎవరూ పిలవకుండానే వచ్చారు. పసుపు మట్టి తట్టలు వరసగా పొలంలోకి నడిచాయి. తట్ట మోసేవాళ్ళ నెత్తిన తట్టంత సాయంత్రం ఉండేది. మట్టి పరిచి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి నేల చేశారు. దాని మీద గుంజలు పాతి పాత రేకులే కప్పారు. నేల ఆరేసరికి రేకుల కింద పొద్దు వాలి, పచ్చిగడ్డి వాసన నిలిచింది.

తవ్వకాలవాళ్ళు వెళ్ళిపోయే రోజు వచ్చింది. బొమ్మల కాగితాలు, పెంకుల పెట్టెలు జీపులోకి ఎక్కించారు. నైరుతి మూల నిజం మబ్బు, ఈ ఏటి మబ్బు, నల్లగా లేచింది. యంత్రాలు కదలడానికి సిద్ధంగా గుర్రుమంటున్నాయి. అఫ్రాజ్ మళ్ళీ వ్యాను తెచ్చాడు గానీ, కొత్త కొట్లో బల్ల మీద కూర్చున్నవాడు లేవడం లేదు. "అమ్మా, నువ్విక్కడే ఉండు. నేనే వారం వారం వస్తాను," అన్నాడు. గడ్డం గోక్కుంటూ, "ఆ సంబంధం వాళ్ళు మాత్రం ఇవాళ జవాబు అడిగారు," అన్నాడు.

మెహబూబ్ బీ అర్ఫా వైపు చూసింది. అర్ఫా పాలు పొంగుతాయేమోనన్నట్టు పొయ్యి మీదే చూపు పెట్టుకుంది. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

బయట జీపు దగ్గర నాసిర్ తాపీ సంచిలో పెట్టుకుంటున్నాడు. లోపలికి వచ్చి వెళ్తానని చెప్పే ధైర్యం కూడా లేక నిలబడి ఉన్నాడు.

"నాసిర్!" అని పిలిచింది ముసలామె. "నాసిర్ బేటా! ఇలా రా."

వచ్చాడు. చెప్పులు విప్పి ఆ పసుపు నేల మీద నిలబడ్డాడు. అరికాళ్ళకి ఆ చల్లదనం తగలగానే అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

"వెళ్ళిపోతున్నావంటగా. ఉత్త చేతులతో ఎట్లా పంపను? నా ప్రాణం కోసం చేతుల నెత్తురు కారేలా తవ్వావు. నీకేం కావాలో అడుగు."

"నాకేం వద్దు నానీ." నాసిర్ తల అడ్డంగా ఊపాడు. "నేను మీకోసం ఏం చెయ్యలేదు."

"అదేంటయ్యా?" అన్నాడు వెంకటకృష్ణారావు గారు గుమ్మంలోంచి.

నాసిర్ ఆయన వైపు తిరిగాడు. "అక్కడ పొర లేదు సార్. మీరు చూసిందే నిజం. కన్నెమన్నే. ఆ గీత నేను కావాలని గీశాను. అబద్ధం గీత. దాని వల్లే ఆ రోజు వ్యాను వెనక్కి పోయింది. దాని వల్లే నానీ పడిపోయింది. మీరంతా నాకు దణ్ణాలు పెడుతుంటే నేను నిద్రపోలేకపోతున్నాను సార్."

బయట అరుగుకి దిమ్మిస కొడుతున్న సంపూర్ణమ్మ చెయ్యి ఆగిపోయింది.

"మరి ఆ గాలో?" అన్నాడు రావు గారు.

"నాకు తెలీదు సార్. నేను ఏడిస్తే నేల ఇచ్చింది."

దూరంగా మొదటి ఉరుము ఉరిమింది. మెహబూబ్ బీ ముఖంలో కోపం లేదు. చిన్నపిల్లాణ్ణి దగ్గరికి పిలిచి అడిగినట్టు అడిగింది.

"ఏమీ లేనిచోట గీత ఎందుకు గీశావు బేటా?"

"రేపు కూడా టీ రావాలని," అన్నాడు నాసిర్.

సంపూర్ణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పొయ్యి దగ్గర గాజులు గలగలమని చటుక్కున ఆగాయి. నాసిర్ అటు తిరిగాడు. చలి గురించి, తేమ గురించి ఏ మాటా నోటికి అడ్డం రాలేదు. ఊపిరి బిగబట్టలేదు.

"అర్ఫా గారూ, మీరంటే నాకిష్టం. మీరు తడుస్తూ ఫ్లాస్కుకి గొడుగు పట్టారే, ఆ వాన పొర రోజు నుంచీ ఇష్టం."

అర్ఫా పొయ్యి వెలిగించి, "సంబంధం వాళ్ళకి వద్దని చెప్పు మామయ్యా," అని అల్లం దంచడం మొదలుపెట్టింది.